చెత్తసంపద శాఖాధిపతులకు ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ చెత్తసంపద శాఖాధిపతుల సముఖమునకు, ఓర్వకల్లు కాపురస్థుడొకడు వినయపూర్వకముగా వ్రాసికొనిన అర్జీ.

చెత్తనుండి సంపద పుట్టునను రహస్యమును తమరు ఈ నడుమ కనుగొనినట్లు గోడమీది వ్రాతలవలన తెలిసికొని, ఆ విద్యలో అరువదేండ్లు కొలువుచేసి, కానీ జీతమైనను ఎరుగక గతించిన మా జేజి పక్షమున బకాయిలు కోరుచున్నాను.

ఆమె కార్ఖానాకు బోర్డు లేదు. కోడికూతతో లేచి పొరకతో ఊడ్చిన కసువును, కొట్టములోని పేడను, పొయ్యిలో మిగిలిన బూడిదను ఇంటివెనుక దిబ్బకు చేర్చును. బియ్యము కడిగిన నీరు, తరిగిన కూరల తొక్కలు కుడితితొట్టిలోబడి ఎనుమునకు విందగును. చినిగిన చీర బొంతయై మమ్ము చలినుండి కాచును. వీనియన్నింటికంటె నాకు ప్రీతియైనది చాటల మరమ్మతు. పాత కాగితములను మూడునాళ్లు నానవేసి, నానిన మెంతులతో కలిపి రోటదంచి, ఆ గుజ్జును బొటనవ్రేలితో వెదురుచాట సందులలోనికి అద్ది అద్ది, అరచేతితో నున్నగా అలికి ఎండబెట్టెడిది. అటుపిమ్మట కొర్రగింజ యొకటి జారినను ఆమె ఒప్పుకొనదు. ఏరువాకకు ముందు దిబ్బయెరువు బండ్లకెత్తి, చినుకు నిలువని మా గరుసునేలకు తోలెడివారు.

ఇండోరు నగరమున 1924 మొదలు 1931 వరకు పరిశోధించిన ఆల్బర్టు హోవర్డు దొర, చెత్తయు పేడయు పొరలు పొరలుగా పేర్చి, తడిపి, తిరుగవేసి కంపోస్టు చేయు విధానమును ‘ఇండోరు పద్ధతి’ యని లోకమునకు చాటెను. ఈ దేశపు రైతులే తనకు ఆచార్యులని ఆయన దాపరికము లేక వ్రాసెను. దొర ఒప్పుకొనిన ఋణమును తమరు కాదనరని నా నమ్మకము.

అయితే జేజిని నేను ఆకాశమున కెత్తుట లేదు. ఆమె దిబ్బ పవిత్రముగా నుండుటకు కారణము ఆమె జ్ఞానమొక్కటే కాదు; కుళ్లని వస్తువు ఆ యింటి గడపయే తొక్కలేదు. నేడో! షాంపూ పొట్లములు, పాల కవర్లు, పసిబిడ్డల డైపర్లు ఒక్కనాటి కసువులో దొరలును. బాటవెంబడి సర్కారుకంప నల్లకవర్లను పూచుచున్నది. ఇవి చూచియున్నచో జేజి చాట క్రిందబెట్టి కూలబడియుండును. తడి, పొడి, హానికర చెత్తలను ఇంటనే వేరుచేయవలెనని 2016 నాటి కేంద్ర నియమములు శాసించుటయు, 2021 అక్టోబరు 2 నాడు ఆరంభమైన పథకమున మన పట్టణములలో ఇంటికి మూడురంగుల బుట్టలు పంచుటయు ఇందులకే గదా.

ఒక గ్రామమున, పేరు చెప్పను, నేను కన్నులార చూచినది విన్నవింతును. ఒక యిల్లాలు తడిచెత్త వేరు, పొడిచెత్త వేరు చేసి గుమ్మమున నిలిచినది. బండివాడు రెండును బండిలో ఒకేచోట గ్రుమ్మరించి, “ఏం కాదులేమ్మా, ఆడ యేరుచేస్తారు” అనెను. ‘ఆడ’ అనగా చెత్తనుండి సంపద తయారుచేయు కేంద్రము. దానికి తాళము. జాలీ సందునుండి తొంగిచూడగా, వానపాములుండవలసిన తొట్టిలో ఒక కోడి గ్రుడ్లు పొదుగుచుండెను.

వానపాములు నియమనిష్ఠలు గల జీవులు. వేడి చల్లారిన, సగము చివికిన పేడయు తొక్కలును, నీడయు, నిత్యము తడిపిన గోనెపట్టాయు కావలెను. అప్పుడుగాని రమారమి రెండు నెలలలో ఎరువు చేతికి రాదు. కర్నూలు వేసవిలో ఆదివారము సెలవని పట్టా తడుపకున్నచో సోమవారమునకు సిబ్బంది మిగులుదురు గాని పాములు మిగులవు. సూర్యాపేట పురపాలకము ఇరువదేండ్లకు పూర్వమే గుమ్మమునొద్ద తడిపొడులు వేరుచేయించి, వీధికుండీలు ఎత్తివేసి, వానపాముల యెరువు అమ్మగలిగెను. దాని కిటుకంతయు ఆ గుమ్మమునొద్దనే యున్నది.

కావున నా కోరిక స్వల్పము. తడిచెత్తను పెరడున్న యింటికే విడిచిపెట్టుడు. జేజి జీర్ణించుకొనలేని ప్లాస్టిక్కును, సీసా పెంకులను, కాలముచెల్లిన మందులను మాత్రము తమరు కొనిపొండు. మా మండలపు పొదుపు సంఘముల స్త్రీలు ముప్పదేండ్లుగా రూపాయి రూపాయి లెక్క వ్రాయుచున్నవారు; బుట్టల లెక్క వారికొక లెక్కయా?

జేజి బకాయిలు ఇప్పించుటకు బడ్జెటు లేనిచో, ఆ కేంద్రపు తాళపుచెవిని ఆ యూరి పొదుపు సంఘము చేతికైన ఇప్పింపుడు. తొట్టిలోని కోడికి మాత్రము పిల్లలు దిగువరకు గడువు దయచేయ ప్రార్థన.

ఇట్లు,
జేజి వారసుడు, ఓర్వకల్లు