జాగ్రత్తగా నడవొచ్చు కదా!

సెరిబ్రల్ పాల్సీ ఉన్న మనిషి రోడ్డు మీద పడితే మన దగ్గర వైద్యం క్షణాల్లో మొదలవుతుంది. మొదటి మోతాదు, "పొద్దున్నే వేసేశాడా?" రెండోది, "జాగ్రత్తగా నడవొచ్చు కదా!" మూడోది చేతల్లో. నలుగురు చేరి, ఆయన్ని ఒక్క మాటైనా అడక్కుండా, తలా ఓ రెక్క పట్టుకుని ఒక్క ఊపున లేపుతారు. అసలే బిగుసుకున్న భుజం కాస్తా పట్టేస్తే, అది మన సేవాభావానికి ఆయన కట్టే రుసుం.

సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లలో చాలామందికి చిన్న చప్పుడుకే ఒళ్లంతా ఉలిక్కిపడుతుంది, కాళ్లు కొయ్యబారిపోతాయి. అందుకే మనం వెనక నుంచి "చూస్కో!" అని కేకేస్తాం. ఆయన పడతాడు. చెప్తే విన్నాడా అంటాం.

పుట్టుకకు అటూ ఇటూగా మెదడుకు తగిలిన దెబ్బ వయసుతో ముదరదని వైద్యం చెబుతుంది. నిజమే. మోకాళ్లకూ తుంటికీ ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. కొందరికి ముప్పై దాటకముందే నడక తగ్గుతుంది. మూర్ఛ కూడా ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి మింగిన కొన్ని మాత్రలు ఎముకల్ని గుల్ల చేస్తాయి. సరే, ఫిజియోథెరపీకి వెళదామంటే నలభై ఏళ్లాయన్ని గోడ మీద ఛోటా భీమ్ పలకరిస్తాడు. "బాబు రాలేదా?" అంటుంది రిసెప్షన్‌లో అమ్మాయి. పడతానన్న భయంతో గడప దాటడు, నడవక కండ కరుగుతుంది, ఈసారి బాత్రూంలో పడతాడు. ఇంట్లోవాళ్లు మాత్రం "హాయిగా కూర్చోబెట్టి చూసుకుంటున్నాం" అంటారు.

ప్రభుత్వ భవనాలన్నీ వికలాంగులకు వీలుగా ఐదేళ్లలో సరిచేయాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం. 2017లో వచ్చిన నిబంధనలతో లెక్కేస్తే గడువు 2022లోనే చెల్లింది. ఆ భవనాలు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాలు సలహాలుగా మిగలకూడదు, తప్పనిసరి చేయండని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో చెప్పాల్సొచ్చింది. అడుగు ఎత్తు ఎక్కాలంటే ర్యాంపు 12 అడుగుల పొడవుండాలి. మనవాళ్లు మూడడుగుల్లో ముగిస్తారు, ఆఫీసరుగారి బండి ఎక్కితే చాలుగా! పైన అద్దంలా మెరిసే గ్రానైటు, దాని మీద ఇప్పుడే పోసిన ఫినాయిల్ నీళ్లు. రెయిలింగ్ లేదనకండి, ఉంది. దాని మీద తుడుపుగుడ్డ ఆరేశారు.

ఇవన్నీ దాటుకుని, వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం శిబిరం చేరాక, "ఏదీ, నాలుగడుగులు వేసి చూపించు" అంటారు. పళ్లు బిగబట్టి ఆ నాలుగూ పడకుండా వేశాడో, 40 శాతం కిందకి పడతాడు. పింఛనూ పడదు.