బహుసంఘ వటువు: టీకా తాత్పర్య సహితం

మూలం

ఖాకి పొద్దు పొడుపు, గంజిచొక్క పగలు
జెండ పట్టి రోడ్డు చేరు నితడు
సంజ వేళ హీరొ సంఘంబు బ్యానరు
ఒక్క బుర్ర మోయు నుద్యమములు

అవతారిక: పెద్దారవీడున ఇల్లు, మార్కాపురమున డిగ్రీ కాలేజీ, నడుమ షేర్ ఆటో గల వటువొకడు ఏకకాలమున మూడు సంఘములందు సభ్యుడై మెలగు తెఱంగును కవి ఇందు వర్ణించుచున్నాడు. మూలంలో లేనిదేదీ రాయనని పూర్వం మల్లినాథ సూరి మాటిచ్చి నిలుపుకున్నాడు. ఈ వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు.

ప్రతిపదార్థం: పొద్దు పొడుపు = సూర్యోదయమందు; ఖాకి = ఎన్‌సీసీ దుస్తులు తొడిగినవాడును; పగలు = కాలేజీలో మూడో పీరియడు జరుగు వేళ; గంజిచొక్క = గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా గలవాడునై; జెండ పట్టి = విద్యార్థి సంఘ పతాకము ధరించి; ఇతడు = ఈ వటువు; రోడ్డు = ఆర్డీవో ఆఫీసు ముందరి రోడ్డును; చేరును; సంజ వేళ = సాయంకాలమందు; హీరొ సంఘంబు = అభిమాన సంఘము యొక్క; బ్యానరు = ఫ్లెక్సీని (కట్టును అని అధ్యాహారము); ఒక్క బుర్ర = ఒకే ఒక తల; ఉద్యమములు = ఇన్నింటిని; మోయును.

‘చొక్కా’, ‘జెండా’, ‘హీరో’ మూడూ దీర్ఘాలు పోగొట్టుకున్నాయి. గణాల కోసం అనుకోండి.

తాత్పర్యం: పొద్దున పరేడు, పగలు ధర్నా, సాయంత్రం ఫ్లెక్సీ. చదువు ఎప్పుడో కవి చెప్పలేదు.

విశేషాలు: ‘ఖాకి’ అన్నచోట ‘బ్యాడ్జి’ అని పాఠాంతరం చెప్పేవారున్నారు. వారి లెక్కన వీడు ఎన్‌సీసీ కాదు, ఎన్ఎస్ఎస్. ఆ పాఠం యతికి నిలవదు కనుక గ్రాహ్యం కాదు. పోనీ రెండూ అనుకుందామంటే శాస్త్రం అడ్డు. ఎన్ఎస్ఎస్ నియమావళి ప్రకారం ఎన్‌సీసీ క్యాడెట్‌కు అందులో చోటు లేదు. ఎన్ఎస్ఎస్‌లో ఉన్నన్నాళ్లు వలంటీరు వేరే యువజన సంస్థల్లో దూరకూడదు. 1969లో గాంధీ శతజయంతి ఏట పుట్టిన ఆ పథకం ఏడాదికి 120 గంటల సేవ, ఆపైన ఏడు రోజుల శిబిరం అడుగుతుంది. దాని బ్యాడ్జి మీది కోణార్క రథచక్రంలో ఎనిమిది ఆకులు రోజులోని ఇరవై నాలుగు గంటలకు గుర్తట. గుర్తులోనే రోజంతా రాయించుకున్న సంస్థ ఇంకోదానికి సమయం వదులుతుందా?

ఈ కట్టడి మనకే కాదు. అమెరికాలో 1776లో విలియం అండ్ మేరీ కాలేజీ కుర్రాళ్లు ఫై బీటా కప్పా అని గ్రీకు అక్షరాలతో ఒక రహస్య మండలి పెట్టుకున్నారు. ఆ దారిలో వెలిసిన ఆడపిల్లల సంఘాలకు 1902లో ఒక సమాఖ్య ఏర్పడింది. దాని కింద ఒక సంఘంలో దీక్ష పుచ్చుకున్న పిల్ల మరొకదానిలో చేరరాదు, అదీ జన్మాంతం. అక్కడ ప్రవేశానికి తంతు, రుసుము, ప్రమాణం ఉంటాయి. విద్యార్థి సంఘంలో మనవాడి ప్రవేశం, ఆ సంఘపు అన్న నోట, ఇలా జరిగింది:

“రేయ్, రేపు పదింటికి ఆర్డీవో ఆఫీసు కాడ ఉండాల.”

“అన్నా, రేపు మాకు ఇంటర్నల్ ఉందన్నా.”

“ఏందిరా, మొన్న బస్‌పాస్ పనికి నేను తిరగలా?”

దీక్ష సమాప్తం. వాడు చేరింది సంఘంలో కాదు, అన్న మొహమాటంలో అని వ్యాఖ్యాత అభిప్రాయం. అందుకే వీడు సర్దుకోవలసింది సిద్ధాంతాలను కాదు, అన్నలను. విద్యార్థి సంఘాల్లో ఏఐఎస్ఎఫ్ 1936లో పుట్టింది, ఏబీవీపీ 1949లో రిజిస్టరైంది, ఎస్ఎఫ్ఐ 1970లో వచ్చింది. వీటి మధ్య తగవు వేదాంత గ్రంథాలంత. అయినా ఈ పడమటి సీమలో ఏ జెండా కింద నిలబడినా నినాదం మారేది తక్కువ: ఫీజు బకాయిలు, హాస్టళ్లు, వెలిగొండ ప్రాజెక్టు. ఆ ప్రాజెక్టులోని సుంకేసుల గండి పెద్దారవీడు మండలంలోదే. ఆ గండి పూడ్చి కట్టిన జలాశయం కోసం ఇళ్లు వదలాల్సిన ఊళ్లున్నాయి, నీళ్ల కోసం ఎదురుచూసే ఊళ్లూ ఉన్నాయి. 2022లో రాష్ట్రంలో కొత్త జిల్లాలు ఏర్పడి మార్కాపురానికి దక్కనప్పుడు జిల్లా కావాలన్న గొంతు కూడా అన్ని వైపులా ఒకటే. కాబట్టి వీడు పొరపాటున పక్క టెంటులో కూర్చున్నా గొంతు కలపడానికి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా మర్నాడు పేపరు ఫొటోలో కనబడితేనే.

‘బ్యానరు’ దగ్గర కొంచెం ఆగాలి. మూడింటిలోనూ అత్యంత కఠినమైన క్రమశిక్షణ ఇక్కడిదే. హీరో నిలువెత్తు, ఆయన పాదాల దగ్గర పాస్‌పోర్టు సైజు తలకాయలు రెండు వరసలు. పై వరసలో ఎవరు, కింది వరసలో ఎవరు, ఎవరి పేరు ముందు ‘యువనాయకుడు’ పడాలి అన్నది మార్కాపురం ఫ్లెక్సీ షాపులో కంప్యూటరు ముందు తేలాలి. వెనకనుంచి నలుగురు ఒకేసారి వేళ్లు చూపిస్తుంటే మౌసు పట్టుకున్న కుర్రాడు చేయి తీసేసి టీకి పోతాడు. అదే ఫొటోను గంజిచొక్కాతో తీయించుకున్నందున మనవాడికి ధర్నా కరపత్రానికీ ఫ్లెక్సీకీ ఒకే ఖర్చు. ఇది కవి చెప్పని పొదుపు.

పొదుపంటే గుర్తొచ్చింది. వాళ్లమ్మ కూడా ఒక సంఘంలో సభ్యురాలే. మీటింగుకు రాకపోతే జరిమానా, వస్తే పుస్తకంలో సంతకం. కొడుకు మూడు సంఘాల్లో ఒక్కదానికైనా పుస్తకం ఉందా అని ఆమె అడిగితే వాడు ఆటో వచ్చిందని లేచిపోయాడు.

శంక: హాజరు మాటేమిటి? ఎన్‌సీసీ బి సర్టిఫికెట్ పరీక్షకు పరేడులలో 75 శాతం కావాలి. కాలేజీ కూడా 75 శాతమే అంటుంది. రెండూ కూడితే నూటయాభై. మానవుడికి ఉన్నది నూరు. సమాధానం: పరేడు తెల్లవారుజామునే అయిపోతుంది, ఆపైన టిఫిను పెడతారు, కనుక అక్కడ వీడి హాజరుకు లోటు లేదు. తరగతి గదిలో అట్టి సదుపాయం లేదు.

ఫలితం: సెమిస్టరు చివర నోటీసు బోర్డు మీద హాజరు తగ్గినవారి జాబితాలో వీడి నంబరు పడింది. కాండొనేషన్ ఫీజు కట్టాలన్నారు. ఆ ఫీజు రద్దు చేయాలని అన్న పదిమందిని వెంటేసుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్లాడు. బాధితుడు తప్పక ముందుండాలి కదా అని ప్రిన్సిపాల్ వీడి పేరు పిలిచారు. వీడు లేడు, గ్రౌండులో రిపబ్లిక్ డే కవాతుకు రిహార్సల్ జరుగుతోంది.