నిరపరాధియైన పందిమాంసమును గూర్చి ఒక బహిరంగ లేఖ

ప్రిన్‌స్టన్-ప్లెయిన్స్‌బరో బోధనాసుపత్రి వైద్యాధిపతి డాక్టర్ లీసా కడ్డీ గారి సముఖమునకు,

అమ్మా,

తమ యాసుపత్రి తెరమీద తప్ప భూమిమీద లేదని యెఱిగియు, లేని వైద్యుని మాటను ఉన్న వైద్యుని మాటకన్న గాఢముగా నమ్మెడి ప్రేక్షకులు మా యిండ్లలో వర్ధిల్లుచున్నందున, 2004 నవంబరు 16న ప్రసారమైన ‘హౌస్’ ధారావాహిక తొలి భాగమునందలి రోగనిర్ణయమును గూర్చి ఈ మనవి చేసికొనుచున్నాను.

పాఠము చెప్పుచు మాట తడబడి కూలిన ఉపాధ్యాయిని మెదడులో బద్దెపురుగు పిల్ల చేరినదని డాక్టర్ హౌస్ గారు కనిపెట్టుట ప్రశంసనీయము. పురుగు బ్రతికియున్నంతకాలము ఊరకున్న దేహము అది చావనారంభింపగనే తిరుగబడునన్నది శాస్త్రసమ్మతమే. తొడకు ఎక్స్‌రే తీయుటయు యుక్తమే; కండలో సున్నము పట్టిన తిత్తులు బియ్యపుగింజలవలె అందు గానవచ్చును. (సున్నము పట్టనివి కానరావు, ఆ సంగతి ఇప్పటికి విడిచెదను.)

నా ఫిర్యాదు హామ్ అనెడి పందిమాంసపు విషయమున. రోగి యింట సోదా చేసిన శిష్యుడు హామ్ ప్రసక్తి తెచ్చినంతనే, అందలి పిల్లపురుగు ప్రేవులలో పెరిగి గ్రుడ్లు పెట్టెననియు, ఆ గ్రుడ్లు ప్రేవుగోడను దాటి రక్తమున బడెననియు హౌస్ గారు సెలవిచ్చిరి. పచ్చిపచ్చిగా వండిన పందిమాంసము కడుపులోనికి పురుగును తేగలదు గాని, మెదడుకెక్కు తిత్తి గ్రుడ్డునుండి పుట్టును. ఆ గ్రుడ్డు మలముతో వెలికివచ్చి, కడుగని చేతినంటి, తినువాని నోటనే మరల ప్రవేశింపవలెను. ఆ చేయి రోగిదే కావచ్చును, వంటమనిషిది కావచ్చును.

సాక్ష్యము తమ పొరుగుననే కలదు. పందిమాంసమును మతధర్మముగా వర్జించిన న్యూయార్క్ సనాతన యూదుల కుటుంబములలో ఈ వ్యాధియే బయల్పడగా, ఇంటి పనివారి కడుపులోని పురుగులే మూలమై యుండవలెనని పరిశోధకులు 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌నందు ప్రకటించిరి. తమ డాక్టరుగారో, యూదుని యింట హామ్ ఉండదను తర్కముతో, యూదుడైన తన మిత్రుడు విల్సన్ బంధువని చెప్పిన రోగి అతనికి బంధువు కాదని పట్టుకొని మురిసిరే గాని, హామ్ లేని యింటను ఈ రోగముండునని తలపరైరి!

మా వైపు ఈ పొరపాటు వినోదముతో ముగియదు. కోడిగ్రుడ్డు సైతము ముట్టని యింట కుమారునికి మూర్ఛ వచ్చి, స్కానులో తిత్తి కనబడినచో, తండ్రి మొదట “బయట ఏమి తింటివిరా?” అని నిలదీయును, కడుగని కొత్తిమీరను, వడ్డించిన చేతిని ఎవ్వరును శంకింపరు.

కావున ఆ రోగి కేసుపత్రమును తిరిగి తెఱపించి, ఆమెకు అన్నము పెట్టినవారి మలపరీక్ష చేయింపుడు; డాక్టర్ హౌస్ గారు తమకు బాకీపడిన క్లినిక్ గంటలలో కొన్నింటిని తగ్గించి, వాటికి బదులుగా తమ యాసుపత్రి వంటశాల కొళాయికడ వారిని సబ్బుతో నిలువబెట్టింపుడు.

ఇట్లు,
తమ ధారావాహికను విడువక చూచిన విధేయుడు