జీతం లేని బడిపంతుళ్లు

మన బాలగేయాల్లోకి వచ్చిన ఏ జంతువూ ఊరికే తిని తిరగడానికి వీల్లేదు. కోడి పొద్దున్నే లేవమనాలి, చీమ పొదుపు నేర్పాలి, కాకి ఐకమత్యం బోధించాలి. ఏనుగు ఈమధ్య స్వచ్ఛభారత్‌లో చేరి తొండంతో వీధులు ఊడుస్తోంది. పోనీ కోతైనా నవ్విస్తుందేమో అని చూస్తే, మూడో చరణానికల్లా అదీ అరటితొక్క చెత్తబుట్టలో వేసి సబ్బుతో చేతులు కడుక్కుంటుంది. ఎన్నికల డ్యూటీ, జనాభా లెక్కలు తప్ప పంతుళ్ల చాకిరీ అంతా వీటి నెత్తినే పడింది. జీతం మాత్రం లేదు.

కవిగారు ముందు నీతి రాసుకుంటారు, తర్వాత దాన్ని మోసే జంతువు కోసం వెతుకుతారు. ప్రతి పాదం చివరా ఓ ‘అండి’ తగిలిస్తే ప్రాస కుదిరినట్టే: లేవండి, తోమండి, తాగండి, చదవండి. నడక సంగతి అడక్కండి. పిల్లలు చప్పట్లు కొడుతూ పాడబోతే రెండో పాదంలోనే చేతులు గాల్లో ఆగిపోతాయి.

ఈ రోగం మనకొక్కరికే వచ్చింది కాదు. 1715లో ఇంగ్లండులో ఐజాక్ వాట్స్ అనే మతబోధకుడు తేనెటీగను చూపించి, పొద్దస్తమానం పనిచెయ్యమని పిల్లలకు పద్యం కట్టాడు. 150 ఏళ్లపాటు పిల్లలు దాన్ని బట్టీ పట్టారు, పట్టించుకోలేదు. 1865లో లూయిస్ కరోల్ ‘ఆలిస్’ కథలో ఆ తేనెటీగను దించేసి మొసలిని ఎక్కించాడు. అది ఏ పనీ చెయ్యదు, చిన్న చేపల్ని నవ్వుతూ నోట్లోకి పిలుచుకుంటుంది. వాట్స్ తేనెటీగ ఇవాళ ఎవరికైనా గుర్తుందంటే అది ఆ మొసలి పెట్టిన భిక్షే. 1896లో హిలైర్ బెలాక్ మరీ తెగించి తన బొమ్మల పద్యాలకు ‘ద బ్యాడ్ చైల్డ్స్ బుక్ ఆఫ్ బీస్ట్స్’ అని పేరు పెట్టాడు. చెడ్డపిల్లకు పుస్తకమా! మన దగ్గరైతే పుస్తకం అచ్చయ్యేది కాదు, కవి మీద కేసయ్యేది.

అంత దూరం ఎందుకు, విజయవాడలో హౌరా మెయిలెక్కితే కలకత్తా. సుకుమార్ రాయ్ (సత్యజిత్ రాయ్ తండ్రి అంటే తప్ప మనవాళ్లు గుర్తుపట్టరు) ఫిజిక్సు, కెమిస్ట్రీ చదివాడు, ఇంగ్లండు వెళ్లి అచ్చుపని నేర్చుకున్నాడు. ఇంతా చదివి చేసిందేమిటి? బాతును ముళ్లపందికి అతికించాడు. కొంగను తాబేలుకు తగిలించాడు. ఏనుగునీ తిమింగలాన్నీ ఒకే ఒంట్లో ఇరికించి, ఒకటి అడవిలోకీ ఒకటి నీళ్లలోకీ లాగుతుంటే తమాషా చూశాడు. బొమ్మలూ తనే వేశాడు. బాతు ఎక్కడ ఆగిందో, ముళ్లపంది ఎక్కడ మొదలైందో వెతుక్కోవడంలోనే పిల్లలకు సగం ఆట. 1923 సెప్టెంబరులో 35 ఏళ్లకే కాలా అజార్‌తో పోయాడు. ఆ తర్వాత 9 రోజులకు ఆ పద్యాల పుస్తకం ‘అబోల్ తాబోల్’ బయటికొచ్చింది. వందేళ్లు దాటినా బెంగాలీలు దాన్ని వదల్లేదు. అదే రాతప్రతి మన ప్రచురణకర్తకు అంది ఉంటే? “బాగుందండీ, కానీ ఈ బాతు పిల్లలకిచ్చే సందేశం ఏమిటి?” అని తిరుగుటపాలో వచ్చి ఉండేది.

ఇక బొమ్మలు. పావురానికి నల్లరంగు పూస్తే మనకు కాకి. ఆవంటే ఒంటినిండా మచ్చలున్న సీమ ఆవే. ఒంగోలు గిత్త మూపురం ఎక్కడైనా కనబడితే చెప్పండి, దండం పెట్టుకుంటాను. గేదెకు బొత్తిగా ప్రవేశం లేదు, పాలు మాత్రం తాగమంటారు. నిన్నటిదాకా ఇంటర్నెట్‌లో ఊరికే దొరికింది అతికించారు, ఇప్పుడు కంప్యూటర్నే గీసిపెట్టమంటున్నారు. అది ఉడతకు అయిదో కాలు పెట్టినా అడిగేవాడు లేడు. కావాలని పెట్టి ఉంటే నవ్వుకునేవాళ్లమైనా! ఇంగ్లీషు కవి ఎడ్వర్డ్ లియర్ ఇరవై ఏళ్ల వయసులో లండన్ జూలో చిలకల ముందు కూర్చుని, ఈక ఈకా గమనించి గీసి 1832లో పుస్తకం తెచ్చాడు. పక్షిని అంతగా ఎరిగినవాడు కాబట్టే, ఆ తర్వాత ఓ పద్యంలో గుడ్లగూబనూ పిల్లినీ పడవెక్కించి పంపితే లోకం కిమ్మనకుండా నమ్మింది.

“నీతి మన సంప్రదాయమండీ, పంచతంత్రం లేదూ?” అంటారు. చదివే అంటున్నారా? చిన్నయసూరి 1853లో తెలుగు చేసిపెట్టిన మిత్రభేదంలో దమనకుడనే నక్క సింహానికీ ఎద్దుకూ లేనిపోనివి చెప్పి, ఎద్దును చంపించి, దర్జాగా బతికిపోతుంది. ఆ నక్క చేత పళ్లు తోముకోమని చెప్పించగల మొనగాడు ఇంకా పుట్టలేదు.

ఈ పుస్తకాలకు ఆవిష్కరణ సభలు కూడానూ. పిల్లల్ని యూనిఫాంలో తోలుకొచ్చి ముందు వరసలో కూర్చోబెడతారు. వేదిక మీద అందరూ పెద్దలే. శాలువా కవిగారికి, పూలగుచ్ఛం అధ్యక్షులవారికి. బొమ్మలేసినవాడి పేరు మాత్రం లోపలెక్కడో సన్న అక్షరాల్లో ఉంటుంది, ఉంటే.

పుస్తకాల సంతకు వెళ్లే అమ్మలూ, నాన్నలూ! గేయంలో చివరి రెండు పాదాలు అక్కడే నిలబడి చదవండి. ఎలుక మీ పిల్లకు బుద్ధులు చెబుతుంటే పుస్తకం బల్లమీద పెట్టేసి వచ్చెయ్యండి. ఎలుక లడ్డూ కొట్టేసి దొరక్కుండా పారిపోయిందా, రెండు కాపీలు కొనండి.