వాయువు – వాయి

ఆ కూత వినబడినంతనే నా గుండె గుభేలుమనుచున్నది. ఇట్లు నేటికి 18 దినములైనది. వంటయింటి గట్టుమీద నల్లగా, గుమ్మటమువలె కూర్చున్న ఆ ఎయిర్ ఫ్రయ్యరు అయిదుమారులు కీచుమని కూసి ఊరకుండును. ఆ కూతకు ‘ఫలాహారము సిద్ధము’ అని అర్థమట, దానితో వచ్చిన చిన్న పుస్తకములో వ్రాసియున్నది. మా యింట మాత్రము దానికి ‘ఇంకను నాలుగు వాయిలున్నవి’ అని అర్థము.

అది మా యింటికి ఎట్లు వచ్చెనో చెప్పనక్కరలేదు. నా రక్తములో కొవ్వు పెరిగినదని తేలుట, మా ఆవిడ మోకాళ్లు ఆమెను ఎక్కువసేపు నిలువనీయకుండుట, పండుగకు వచ్చిన అబ్బాయి “నాన్నగారూ, ఇంక మనింట్లో నూనె మాటే ఉండదు” అనుట – ఇట్టి కథ మీ యింటను జరిగియే యుండును. నన్ను చెరిచినది మాత్రము ఆ పెట్టెమీది బొమ్మ. గుడ్లు, రొట్టెముక్కలు, టమాటాలు, పుట్టగొడుగులు, సాసేజీలు అన్నియు ఒక్క పళ్లెములో పొగలు గ్రక్కుచు, ఆంగ్లేయుని ప్రాతఃకాలభోజనము సమస్తమును ఒక్క బుట్టలో ఇమిడిపోవునట్లు ఆ బొమ్మలో కానవచ్చినది. తెల్లవాని ఫలాహారము ఇమిడిన బుట్టలో తెలుగువాని గారెలు ఇమడవా యని నాకు పౌరుషము పుట్టెను. ఆదివారమునాడు అయిదుగురికిని వేడివేడి ఫలాహారము నేనే చేసి పెట్టెదనని ప్రతిజ్ఞ పట్టితిని. మా ఆవిడ ఏమియు అనలేదు. మినపపిండి గిన్నె నా ముందు పెట్టి, తాను కుర్చీ యొకటి తెచ్చుకొని కూర్చుండెను.

ఇచ్చట గాలిని గూర్చి కొంత చెప్పవలసియున్నది. తెలుగువాడు ఏనాడును గాలిని నమ్మి యెరుగడు. నిలకడలేని మనిషిది గాలివాటము, నిజములేని వార్త గాలికబురు, పునాదిలేని ఆశ గాలిమేడ, పనిలేనివానిది గాలితిరుగుడు. అక్కరలేని తద్దినమును నెత్తికెత్తుకొన్నవానిని చూచి, గాలికి పోవు కంపను కాలికి తగిలించుకొన్నాడందురు. ఈ సామెత పుట్టిననాటికి ఎయిర్ ఫ్రయ్యరు లేకపోయినను, దానికొరకే పుట్టినట్లున్నది. మునులు వాయుభక్షణము చేసి బ్రతికిరని వింటిమి గాని వాయుభర్జనము చేసిరని ఎవరును చెప్పగా వినలేదు. పామునకు పవనాశనమని పేరు. గాలిని నమ్ముకొని కడుపు నింపుకొనుటకు పాముగా పుట్టవలెనన్నమాట. ఇంత యేల, సాక్షాత్తు వాయుదేవుని కుమారుడైన ఆంజనేయస్వామికి మనము సమర్పించునది ఏమి? వడమాల. ఆ వడలు వేగినది దేనిలో? నూనెలో. గాలి కన్నతండ్రికి సొంత వ్యాపకమై యుండగా, కుమారుడు నూనెవడలనే స్వీకరించుచున్నాడనిన, వాయువుయొక్క పాకశాస్త్రపాండిత్యము ఎంతటిదో స్వామికి తెలియకపోలేదు. అదియును గాక, మాలకు దారము కావలెను, దారమునకు వడ నడుమ చిల్లు కావలెను. ఈ యంత్రమున వేగిన వడకు చిల్లు నిలువదు గనుక, ఇది దేవాలయములకు కూడ ప్రాకినచో స్వామివారి మెడలో వడలసంచి వ్రేలాడదీయవలసి వచ్చును. ఇదంతయు అప్రస్తుతమని నేనెరుగుదును. కాని ఒక్కొక్క వాయి దిగుటకు 18 నిమిషములు పట్టుచుండగా, యంత్రము ముందు నిలిచిన మనుష్యుడు ఏమి ఆలోచింపడు?

అసలు దీనికి ఫ్రయ్యరు అను పేరే అన్యాయము. 2010లో బెర్లిను నగరమున జరిగిన ప్రదర్శనమున ఒక డచ్చి కంపెనీవారు ఈ జాతిని లోకమునకు చూపిరి. మూతక్రింద ఎర్రగా కాలు తీగచుట్ట యొకటి, దానిపైన గిర్రున తిరుగు పంకా యొకటి – ఇంతియే దీని రహస్యము. ఇది పంకా బిగించిన బుల్లి రొట్టెల పొయ్యి గాని మూకుడు కాదు. మూకుడులో కాగిన నూనె పిండిని నలువైపుల చుట్టుముట్టి, పడిన క్షణమున దాని ఆకారమును బంధించును. గాలికి అంత చొరవ లేదు; 200 డిగ్రీలకు కాగినను నూనె యిచ్చునంత త్వరగా వేడిని చేతికీయదు. ఆ తీరికలో పిండి తనకు తోచిన దారి పట్టును.

పట్టినది. చేయి తడిచేసి, అరిటాకుమీద పిండి తట్టి, నడుమ వ్రేలితో చిల్లుపెట్టి, నాలుగు గారెలను బుట్టలోనికి జారవిడిచితిని. కూత విని బుట్ట లాగి చూతును గదా, గారెకుండవలసిన చిల్లు పూడిపోయినది; బుట్ట అడుగున నున్న చిల్లులనుండి పిండి తోకలు తోకలుగా దిగి, గట్టిపడి, గోధుమరంగున నిగనిగలాడుచున్నది. మా మనుమడు ఒకదానిని తోకపట్టి పైకెత్తి, “తాతయ్యా, ఇది నడుస్తుందా?” అని అడిగెను.

రెండవ వాయికి అడుగున కాగితము పరచితిని. తోకలు పోయినవి. గారెల సందున వేసిన రొట్టెముక్క మాత్రము పంకాగాలికి లేచి, పైనున్న తీగచుట్టకు అంటుకొని మాడెను. అప్పుడు కూర్చుండి లెక్కవేసితిని. అయిదుగురికి తలకు నాలుగు చొప్పున 20 గారెలు, వాయికి నాలుగు, అయిదు వాయిలకు గంటన్నర. ముందు వండినవి ముందే పెట్టితినా, మొదటివాడు కాఫీకూడ త్రాగి పత్రిక ముగించునప్పటికి అయిదవవాడు ఆకలితో గోడ చూచుచుండును; అందరికిని ఒకమారే పెట్టుదమని దాచితినా, మొదటి నాలుగును చల్లబడి చెప్పు అట్టలగును. పెట్టెమీద వాయువు మహిమను నాలుగు భాషలలో వర్ణించిన ఆ మహానుభావులు వాయి సంగతి ఒక్క భాషలోనైనను వ్రాయలేదు.

మూడవ వాయి పళ్లెమున వేయుచు, కోడలితో “ఇంకొకటి వేయనా, అమ్మా?” అంటిని. ఆ మాట నా నోట వినుటతో నేను ఆగిపోతిని. అది నా మాట కాదు. కుర్చీలో కూర్చున్న మనిషిది.

40 సంవత్సరములు ఆమె ఆ మాట అనగా వింటిని. పెసరట్టు పెనముమీదినుండి నేరుగా నా పళ్లెములో వ్రాలెడిది. చల్లారినచో నేను మొగము ముడుచుకొనెడివాడను. అందరము లేచి చేతులు కడుగుకొన్న తరువాత, పొయ్యి ఆర్పి, మాకు కాఫీలిచ్చి, అప్పుడామె పీటమీద కూర్చుండి, గిన్నె అడుగున మిగిలిన పిండితో వేసిన చిన్నవి, వంకరవి, ఎప్పుడో చల్లారినవి తినెడిది. వేడి ఫలాహారము మా యింట నిత్యకృత్యమని నేను చెప్పుకొనుచుంటిని. అది ఎవరికి వేడియో ఏనాడును విచారింపనైతిని. ఆమె మోకాళ్లు వయస్సువలన అరిగినవని డాక్టరుగారనిరి. నేను ఎదురుచెప్పలేదు, అవుననియు అనలేదు.

ఇప్పుడు మా యింట ఆదివారము గారెలు మరల మూకుడులోనే వేగుచున్నవి, తలకు రెండేసి. వేయునది నేను, పిండి జారుడైనదని తప్పుపట్టునది కుర్చీలోని ఆమె. మొదటి వాయి ఆమె పళ్లెములో పడును. యంత్రమును పారవేయలేదు. గారె వండుట దానికి చేతగాదు గాని, చల్లారిన గారెను మూడు నాలుగు నిమిషములలో మరల కరకరలాడించుటయందు దానికి సాటి లేదు. నా రెండును దానిలో వేడిచేసికొని చివరను తినుచున్నాను. పాఠకులారా, కొనదలచినచో ఆ పనికొరకు కొనుడు. పొయ్యివద్ద నిలిచినవారికి మొదటి వాయి పెట్టు ఆచారము మీ యింట ఇదివరకే యున్నచో, ఆ డబ్బు దండుగ.