రెండు గడుల తేటగీతి: టీకా తాత్పర్య సహితం

మూలం

ఎడమ గడిలోన మూలము, కుడిని గమ్య
మైదు నొక్కిన నకలగు, మారు నారు
నొక్క, నెనిమిదిఁ దాకిన నుండదేది;
కిటికి వెంబడి కిటికీల గెలుక నేల?

ప్రతిపదార్థం

ఎడమ గడిలోనన్ = తెర ఎడమ సగంలో; మూలము = పెన్‌డ్రైవు (పెళ్లి ఫొటోలతో నిండినది అని అధ్యాహారం); కుడిని = కుడి సగంలో; గమ్యము = డి డ్రైవు; ఐదు నొక్కినన్ = ఎఫ్5 మీట నొక్కితే; నకలు అగున్ = కాపీ అవుతుంది; ఆరు నొక్కన్ = ఎఫ్6 నొక్కితే; మారును = మకాం మారుస్తుంది; ఎనిమిదిన్ తాకినన్ = ఎఫ్8 మీద వేలు పడితే; ఏది ఉండదు = ఏదీ మిగలదు; కిటికి వెంబడి = ఒక విండో మూయకుండానే మరొకటి తెరుస్తూ; కిటికీలన్ = ఎక్స్‌ప్లోరర్ విండోలను; కెలుకన్ ఏల = కెలకడం ఎందుకయ్యా?

తాత్పర్యం

ఓ గృహస్థా! ఫైలును ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చాలంటే రెండు చోట్లూ ఒకేసారి కళ్లెదుట ఉండాలి. ఎక్స్‌ప్లోరర్‌లో కాపీ కొట్టి, దారి వెతుక్కుంటూ పోయి, నడుమ ఇంకేదో కాపీ చేశావా, మొదటిది క్లిప్‌బోర్డులోంచి గల్లంతే. రెండు గడుల పనిముట్టులో ఆ ప్రయాణమే లేదని భావం.

విశేషాలు

సంప్రదాయం: ఈ మతానికి మూలపురుషుడు జాన్ సోషా. డాస్ కాలంలో, 1986లో వచ్చిన ఆయన నార్టన్ కమాండరే ఐదు, ఆరు, ఎనిమిదులకు ఈ పనులు కట్టబెట్టింది. విండోస్‌లో దాన్ని నిలబెట్టినవాడు స్విట్జర్లాండుకు చెందిన క్రిస్టియన్ గిస్లర్. 1993 నాటి ఆయన విండోస్ కమాండర్ 2002లో టోటల్ కమాండర్ అయింది. నెలరోజులు వాడి చూశాక దానికి డబ్బు కట్టాలి. కట్టలేనివారికి అదే బాణీలో డబుల్ కమాండర్ ఉచితం.

పాఠాంతరం: కొన్ని ల్యాప్‌టాప్ ప్రతులలో "ఎఫ్ఎన్ తోడుగా ఐదు" అని పాఠం. అది గ్రహించక ఉత్త ఐదు నొక్కినవాడికి ఫైలు కదలదు, తెర వెలుతురో పాట గోలో మారుతుంది.

అలంకారం: క్రమాలంకారం. క్రమం చెప్పిన కవి ఏడును ఎందుకు దాటేశాడు? ఎఫ్7 కొత్త ఫోల్డరు పుట్టిస్తుంది. మన డెస్క్‌టాపుల మీద "న్యూ ఫోల్డర్ (6)" దాకా ఉన్న సంతతి చాలునని కవిహృదయం.

శంక: ఎక్స్‌ప్లోరర్‌కూ 2022లో ట్యాబులు వచ్చాయి కదా?
సమాధానం: వచ్చాయి. కానీ అవి ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి, పక్కపక్కన కూర్చోవు. కనుక మూలంలోని ఆక్షేపణ చెల్లుతుంది.

శంక: "ఉండదేది" అన్నది అతిశయోక్తి కాదా? రీసైకిల్ బిన్ ఉన్నదే!
సమాధానం: హార్డ్‌డిస్కులోని ఫైలుకు ఆ పునర్జన్మ ఉంది. పెన్‌డ్రైవులో తుడిచినది బిన్‌కు పోదు, నేరుగా ముక్తి పొందుతుంది. మూలం పెన్‌డ్రైవని ముందే అధ్యాహారం చేశాం కాబట్టి కవి మాట అక్షరసత్యం.

శంక: ఫైలెక్కడుందో తెలియనివాడికి రెండు గడులేం చేస్తాయి?
సమాధానం: ఏమీ చేయవు. అతడికి ఎవ్రీథింగ్ అనే ఉచిత సాధనం శరణ్యం. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కు తన ఫైళ్ల చిట్టాను తానే రాసుకుంటుంది. ఈ సాధనం ఫోల్డరు ఫోల్డరూ తిరగకుండా ఆ చిట్టానే చదువుతుంది. అందుకే పేరు కొట్టడం పూర్తికాకముందే ఫైళ్లు వరస కడతాయి. అయితే అది మామూలుగా వెతికేది పేర్లను. ఆధార్ కాపీని "స్కాన్0007" అని దాచి "ఆధార్" అని వెతికేవాడికి అదీ దొరకదు.

ఛందస్సు: తేటగీతి. మొదటి పాదంలో ప్రాసయతి.

ఫలశ్రుతి

ఈ పద్యం చదివినవారికి కాపీ కష్టాలు తీరుతాయి, వెతుకులాట మాత్రం తీరదు. పనిముట్టు మారినా ఫైలుకు పేరు పెట్టాల్సింది మనమే. ముందు ఆ "స్కాన్0007" పేరు మార్చి రండి, తర్వాత డబుల్ కమాండర్ దించుకోవచ్చు.