కడబంతిలో గాలం

తెలుగు పడవవాళ్ల మాటల్లో పడవ ముందు కొస అణియం, వెనుక కొస అమరం. చుక్కాని ఉండేది అమరాన కాబట్టి, పడవ ఎటు పోవాలో తేల్చే మనిషి అందరికంటే వెనుక కూర్చుని, మిగిలినవారి వీపులు చూస్తూ, వాళ్లను ముందు గట్టెక్కించి తాను చివర దిగడం పాతకాలం నుంచీ ఉన్న పద్ధతి. అమెరికాలో బ్యాస్ అనే మంచినీటి చేపను గాలంతో వేటాడే పెద్దమనుషులు ఈ పద్ధతిని తలకిందులు చేసి, చుక్కాని పెత్తనాన్ని అణియానికి తరలించి, దానికి పడవను నిలిపే వ్యూహమని పేరుపెట్టి, ఇదంతా గాలికీ నీటివాలుకూ సంబంధించిన శాస్త్రమే తప్ప ఇద్దరు మనుషుల మధ్య వాటాల వ్యవహారం కానే కాదని ఏళ్ల తరబడి ప్రవచిస్తున్నారు. వెనుక నిలబడినవాడికి చేప పడకపోతే అది వాడి నేర్పులో లోపమేనన్న అనుబంధ సూత్రం కూడా ఆ శాస్త్రంలో ఉంది.

ఈ శాస్త్రానికి మూలాధారం ఒక మోటారు. 1934లో నార్త్ డకోటా రాష్ట్రంలోని ఫార్గోలో ఓ.జి. ష్మిట్ అనే ఆయన చప్పుడు లేకుండా పడవను మెల్లగా కదిలించే చిన్న విద్యుత్ మోటారును తయారుచేయగా, ఇరుగుపొరుగున ఉన్న మిన్నెసోటా, డకోటాల పేర్లు కలిపి దానికి మిన్ కోటా అన్న పేరు వచ్చింది. నేటి బ్యాస్ పడవకు వెనుక పెద్ద పెట్రోలు ఇంజను ఉంటుంది, పోటీల్లో దాన్ని 250 అశ్వశక్తి దాకా అనుమతిస్తారు; కానీ వేట మొదలయ్యాక దానికి పనిలేదు. అణియాన బిగించిన విద్యుత్ మోటారే, అంటే వాళ్లు ట్రోలింగ్ మోటారు అనేదే, ముక్కుతాడు పట్టి ఎద్దును లాగినట్టు పడవను లాగుతుంది. దాన్ని పాదంతో తొక్కే పెడల్‌తో తిప్పుతారు కనుక చేతులు రెండూ గాలపు కర్రకు మిగులుతాయి. పెడల్ ఒక్కటీ పాదాలు నాలుగూ అయినచోట ఒక చిన్న రాజ్యాంగం అవసరమవుతుంది, ఆ రాజ్యాంగంలో మొదటి అధికరణం పడవ కొన్నవాడిదే పాదమని.

లార్జ్‌మౌత్ బ్యాస్ ఎక్కువగా పొంచి ఉండి తినే చేప. నీళ్లలోకి ఒరిగిన చెట్టు, ఒడ్డున కట్టిన రేవు కింది నీడ, నాచు పొద అంచు వంటి మరుగును చూసుకుని, ఎదుటకు వచ్చినదాన్ని ఒక్క ఊపున అందుకుంటుంది. అందువల్ల ఒక మరుగులో పడే మొదటి ఎరకున్న విలువ ఐదో ఎరకు ఉండదు. ఆకలిగొన్న చేప మొదటిదానికే నోరు తెరుస్తుంది, తెరవని చేప ఈలోగా జాగ్రత్తపడుతుంది. అప్పటికే నాలుగు ఎరలు పడిన నీటిని వేటగాళ్లు వాడేసిన నీరని మర్యాదగా అంటారు. తెలుగులో దాన్ని ఎంగిలి అంటారు.

గట్టుకు 40 అడుగుల ఎడంగా, గట్టు వెంబడే సాగుతున్న పడవకు ఒక ఒరిగిన చెట్టు ఎదురైనప్పుడు జరిగేది దగ్గరగా చూడదగినది. అణియాన ఉన్నవాడు మొదట కొమ్మల కొసకు, తర్వాత మాను పొడవునా, ఆపైన వేళ్ల మొదట్లోని నీడకు వరసగా గాలం విసిరి, ఏమీ తగలకపోతే లెక్క తప్పిందేమోనని మళ్లీ కొమ్మల కొసనుంచి మొదలుపెడతాడు. ఆ పరిశీలన పూర్తయ్యేదాకా పడవ అంగుళం కదలదు. పూర్తయిన క్షణాన కుడిపాదం పెడల్‌ను ఒక పిసరు నొక్కుతుంది, అణియం గట్టు వైపు, ముందు కనిపిస్తున్న రేవు వైపు మొగ్గుతుంది, అమరం దానంతటదే నడినీటికి జరుగుతుంది. 20 అడుగుల పడవ 45 డిగ్రీలు తిరిగితే అమరం అణియం కంటే సుమారు 14 అడుగులు గట్టుకు దూరమవుతుందని హైస్కూలు త్రికోణమితే చెబుతుంది. వెనుకవాడికిప్పుడు ఒక పక్క ఎంగిలి చెట్టు, మరో పక్క చేప జాడలేని నడిచెరువు, ముందున్న రేవుకు విసరాలంటే దారిలో యజమాని టోపీ. ఇదంతా గాలి వల్ల జరిగిందని టోపీ వెనక్కి తిరగకుండానే వివరిస్తుంది. ఈ విద్యకు వాళ్ల వాడుకలో ఫ్రంట్ ఎండింగ్ అనే పేరు కూడా ఉంది, అయితే అది ఎప్పుడూ పక్క పడవలో జరిగే తప్పే.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనని సామెత. ఇక్కడ వడ్డించేవాడే గరిటె పట్టుకుని మొదటి బంతిలో మొదటి విస్తరి ముందు కూర్చున్నాడు కాబట్టి సామెతకు పనిలేకుండా పోయింది. పోటీల్లో వెనుకవాడిని కో-యాంగ్లర్ అంటారు, తెలుగులో చెప్పాలంటే సహ వేటగాడు. సహపంక్తి భోజనంలో ఉన్న ‘సహ’కూ ఈ ‘సహ’కూ చుట్టరికం ఉందని ఏ వ్యాకరణమూ ఒప్పుకోదు.

ఆరంభంలో పరిస్థితి ఇంత ఏకపక్షంగా లేదు. అలబామాకు చెందిన రే స్కాట్ అనే బీమా ఏజెంటు 1967 జూన్‌లో ఆర్కాన్సాలోని బీవర్ లేక్‌పై, తలకు 100 డాలర్ల రుసుముతో, 106 మంది వేటగాళ్లను కూర్చి పోటీ పెట్టినప్పటినుంచి ఈ క్రీడ ఒక వ్యాపారమైంది. ఒకే పడవలో ఇద్దరు ప్రత్యర్థులను ఎక్కించి, ఒకరి నిజాయితీకి మరొకరిని కాపలా పెట్టే పద్ధతి చాలాకాలం నడిచింది. అణియాన్ని పూట చొప్పున పంచుకోవడం అందులో భాగం. దొంగను దొంగే కనిపెట్టే ఆ ఏర్పాటులో సౌజన్యం లేకపోయినా సమానత్వం ఉండేది. తర్వాత నిపుణుడికి అణియం, ఔత్సాహికుడికి అమరం శాశ్వతంగా కేటాయించిన పోటీలు వచ్చాయి. అగ్రశ్రేణి పోటీల్లో మరో అడుగు ముందుకు వేసి, వెనుకవాడి చేతిలోని గాలాన్ని పూర్తిగా తీసేసి, మార్షల్ అని బిరుదిచ్చి, రుసుము కట్టించుకుని మరీ, చూడటానికి మాత్రమే కూర్చోబెట్టారు. ఈ మొత్తం చరిత్రలో దాపరికం లేని ఏర్పాటు ఇదొక్కటే.

గాలం ఇంకా చేతిలో మిగిలిన వెనుకవాళ్లకు మాత్రం హితబోధ పుష్కలంగా దొరుకుతుంది. ముందువాడు వేగంగా లాగే ఎర వాడితే వెనుకవాడు నేలకు ఆనించి నిదానంగా జరిపే ఎర వాడాలట. మొదటి బంతివాళ్లు పాయసం తాగి లేచాక, కడబంతివాళ్లకు గిన్నె అంచులు ఓపిగ్గా గీరుకోవడం నేర్పినట్టుంటుంది ఈ ఉపదేశం. న్యాయంగా చెప్పాలంటే ఇది ఒక్కోసారి పనిచేస్తుంది కూడా: వేగాన్ని తిరస్కరించిన చేప నిదానానికి లొంగడం నిజమే. అలా లొంగినప్పుడు పడవను ఎంత చక్కని కోణంలో నిలిపానో చూశావా అని అణియం నుంచి ఒక ప్రశ్న వినవస్తుంది. చేప పడని పూట గాలి కారణం, పడ్డ పూట పెడల్ కారణం. ముందువాడి గాలానికి చేప తగిలినప్పుడు చేతివల అందుకుని పరిగెత్తడం, సాయంత్రం పెట్రోలు ఖర్చులో పాలుపంచుకోవడం భాగస్వామ్యం కిందికి వస్తాయి కనుక, ఆ రెండింటిలో వెనుకవాడి హక్కుకు ఎన్నడూ భంగం కలగలేదు.

2018లో గార్మిన్ సంస్థ లైవ్‌స్కోప్‌ను మార్కెట్లోకి తెచ్చాక ఈ అసమానతకు తెర కూడా అమరింది. ధ్వని తరంగాలతో పడవ ముందున్న నీటిని, అందులో ఈదుతున్న చేపతో సహా, అప్పటికప్పుడు బొమ్మ కట్టే పరికరమది. దాని కన్ను సాధారణంగా అణియంలోని మోటారు కాడకే ఉంటుంది, తెర కూడా అక్కడే. వెనుకవాడికి దక్కేది ఇదిగో వస్తోంది, వెనక్కి పోయింది అన్న రేడియో వ్యాఖ్యానం.

పడవను ఎవరో ఒకరు నడపాలన్నదీ, ఎదురుగాలిలో ముక్కును గాలికి పెట్టకపోతే పడవ చెప్పినమాట వినదన్నదీ కాదనలేని సత్యాలు. కృష్ణ మీద పుట్టిలో, అంటే తోలో టార్పాలినో తొడిగిన గుండ్రని వెదురు పడవలో, ఒకరు తెడ్డు వేస్తుంటే మరొకరు వల వదలడం సాధారణమే. తేడా ఏమిటంటే ఆ పుట్టిలో చేప పడేది ఉమ్మడి బుట్టలో కనుక, తెడ్డు వేసేవాడు వల విసిరేవాడికి ఎదురు తిప్పితే నష్టపోయేది తన కుండే. బ్యాస్ పడవలో చేప ఎవరి గాలానిదైతే వారిదే, పెడల్ మాత్రం ఒకరిదే. ఈ రెండు నియమాలనూ ఒకే పడవలో ఎక్కించి, మధ్యలో గాలిని ముద్దాయిని చేయడంలోనే వ్యూహమంతా ఉంది.

ఒంటరి వేటలో ఈ శాస్త్రం నిజంగా శాస్త్రమని తేలాలి, ఎందుకంటే అక్కడ అడ్డుపడేందుకు టోపీ లేదు, ఎంగిలి చేసేందుకు మరొకరు లేరు. ఉపగ్రహాల సాయంతో పడవను ఉన్నచోటే నిలిపే ఏర్పాటు మోటారులోకి వచ్చాక గాలిని తిట్టే అవకాశం కూడా తగ్గింది. అయినా ఆడలేనివాడికి మద్దెల ఏనాడూ కరువు కాదు: నీరు తేరిందనో, వాయుపీడనం పడిపోయిందనో, పక్క పడవ అలలు రేపిందనో ఏదో ఒకటి దొరుకుతుంది. చిత్రం ఏమిటంటే, వెనుక బల్లమీద చల్లనీళ్ల పెట్టె తప్ప మరేమీ లేని పూట కూడా, చెట్టు దగ్గర పని ముగియగానే కుడిపాదం పాత అలవాటున పెడల్‌ను ఒక పిసరు నొక్కుతుంది, అణియం గట్టు వైపు మొగ్గుతుంది, చల్లనీళ్ల పెట్టె 14 అడుగులు నడినీటికి జరుగుతుంది.